చవితి చంద్రుణ్ణి చూడొద్దంటాం, మరి పున్నమి చంద్రుడో?

నెల్లూరు మూలాపేట నుంచి ఒక నాయనమ్మ:

అమ్మా, నాకు అరవై ఎనిమిదేళ్ళు. మీ శీర్షిక వంటింట్లో నిలబడి చదివే మనిషిని, ఉత్తరం రాయడం ఇదే మొదలు, తప్పులుంటే దిద్దుకోండి. మా పెద్దబ్బాయి, కోడలు ఇరవై ఏళ్ళు అమెరికాలో ఉన్నారు. పిల్లలు కలగలేదు. ఎన్ని ఆస్పత్రులు, ఎన్ని మొక్కులు, అవన్నీ రాస్తే మీ పత్రిక చాలదు. నేనైతే రొట్టెల పండగకి బారాషహీద్ దర్గాకి వెళ్ళి స్వర్ణాల చెరువు నీళ్ళలో నిలబడి సంతాన రొట్టె పట్టుకొచ్చాను. మూడో ఏడు, 2016లో, వాళ్ళు చైనా వెళ్ళి రెండేళ్ళ పాపని దత్తత తెచ్చుకున్నారు. ఆ ఏడు మొహర్రానికి మళ్ళీ వెళ్ళి రొట్టె వదిలి వచ్చాను. ఎవరేమనుకున్నా సరే, నాకు నా మనవరాలు ఆ రొట్టెతోనే వచ్చింది.

పాపకి పుట్టుకతో గ్రహణం మొర్రి. పెదవి ఆపరేషన్ అక్కడి అనాథాశ్రమంలో ఉండగానే చేయించారంట, అంగిలికి అమెరికాలో చేశారు. ఇప్పుడు పైపెదవి మీద సన్నటి గీత తప్ప ఏమీ లేదు, మాట కూడా శుభ్రంగా ఉంది. పోయినేడు జూన్‌లో మా ఆయనకి పక్షవాతం వస్తే అబ్బాయీ కోడలూ అక్కడన్నీ వదులుకుని వచ్చేశారు. పాప ఇక్కడే ఏడో తరగతి. నన్ను అవ్వా అంటుంది. కారం దోసె అంటే ప్రాణం, చేపల పులుసు మర్నాటిదైతేనే తింటుంది, ఇంక చెప్పేదేముంది, నెల్లూరు పిల్లే. పోయినేడు సెప్టెంబరు 7 రాత్రి గ్రహణం పట్టినప్పుడు మాత్రం పక్కింటావిడ "వాళ్ళమ్మ గ్రహణం పాటించలేదేమో పాపం" అంది. పాప ఆ మాటకి అర్థం అడిగితే నేను మాట మార్చేశాను.

ఇప్పుడు అసలు సంగతి. అమెరికాలో ఉండగా వీళ్ళూ, వీళ్ళలాగే చైనా నుంచి పిల్లల్ని తెచ్చుకున్న నాలుగైదు కుటుంబాలూ కలిసి ఏటా చైనావాళ్ళ పున్నమి పండగ, మిడ్ ఆటమ్ ఫెస్టివల్ అంటారంట, చేసుకునేవాళ్ళంట. మా కోడలే ముందుండి చేయించేది. కాగితం లాంతర్లు వెలిగించి, చంద్రుణ్ణి చూసి, మూన్ కేక్ అని ఒకటి ముక్కలు కోసుకుని తినడం. పోయినేడు అక్టోబరు 6న వచ్చిందా పండగ. మా ఆయన ఫిజియోథెరపీ గొడవలో ఎవరికీ గుర్తు లేదు. రాత్రి ఆరేసిన బట్టలు తెద్దామని మేడెక్కితే పాప ఒక్కతే పిట్టగోడ దగ్గర నిలబడి ఉంది. రంగు కాగితం గొట్టంలా చుట్టి లోపల వాళ్ళమ్మ సెల్‌ఫోను లైటు పెట్టుకుంది. నన్ను చూడలేదు. నేను ఏమీ మాట్లాడకుండా దిగి వచ్చేశాను. ఎందుకు దిగానో నాకే తెలియదు. ఏడాది కావస్తోంది, అదే కళ్ళలో మెదులుతోంది.

ఈ ఉగాదికి పంచాంగం తెచ్చుకుంటే "అవ్వా, ఇందులో నా పండగ ఎప్పుడు?" అని అడిగింది. సెప్టెంబరు 25 అని మా అబ్బాయి ఫోన్లో చూసి చెప్పాడు. చేద్దాంలే అన్నాను. అన్నానేగానీ ఇంట్లో గొడవ. "రెండేళ్ళప్పుడు వచ్చిన పిల్ల, మన పిల్ల అయిపోయింది, మళ్ళీ చైనా చైనా అని ఎందుకు తవ్వుతారు" అని మా ఆడబిడ్డ. చిన్నబ్బాయి ఇంకా ఘాటు, గల్వాన్‌లో మనవాళ్ళని చంపినోళ్ళ పండగ మన ఇంట్లోనా అంటాడు. వీధిలో ఏమనుకుంటారోనని నాకూ ఉంది. పైగా అది శుక్రవారం, ఆ కేకులో గుడ్డు ఉంటుందంట. ఇంకోటి, దానికి పదకొండు రోజుల ముందు వినాయక చవితి. ఆ రోజు చంద్రుణ్ణి చూడొద్దని పిల్లని లోపల కూర్చోబెట్టేదీ నేనే, మళ్ళీ పున్నమికి చూడమనేదీ నేనేనా? చివరిది అడగడానికి నోరు రావడం లేదు. అది కుటుంబమంతా ఒకచోట చేరే పండగంట. అప్పుడు దానికి కన్నతల్లి గుర్తు రాదా? వస్తే మా కోడలు తట్టుకోగలదా? ఊరుకుంటే మంచిదేమో, మీరే చెప్పండి.

జవాబు:

ఊరుకోవద్దమ్మా, చేయండి. చేద్దాంలే అని ఉగాది నాడే మాట ఇచ్చేశారు, పన్నెండేళ్ళ పిల్లలు అలాంటివి మర్చిపోరు, మీరు మర్చిపోయినట్టు నటిస్తే అదీ కనిపెడతారు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ పిల్ల ఎవరినీ పండగ చేయమని అడగలేదు, తాతకి బాగోలేదు కదా అనుకుందో ఏమో, తనే కాగితం చుట్టుకుని మేడెక్కింది. నాకది మనసులోంచి పోవడం లేదు. మీరు దిగి వచ్చేశారు, సరే, మీ స్థానంలో నేనున్నా అదే చేసేదాన్నేమో. అలాంటప్పుడు ఏం మాట్లాడాలో మనకెవరూ నేర్పలేదు. ఈసారి మాత్రం మొదట కదలాల్సింది మీరే. కోడలు చేస్తే అది అమెరికా నుంచి మోసుకొచ్చిన అలవాటుగా, పాప ఒక్కదాని పండగగా ఉండిపోతుంది. ఇంటి పెద్దావిడ కొంగు దోపుకుని పీట వేసిందంటే అది ఇంటి పండగ, ఇక దాని గురించి ఆడబిడ్డలు మాట్లాడరు. ఒకవేళ మాట్లాడినా పండగ వంటలు తింటూ మాట్లాడతారు, దాంతో నష్టం లేదు.

మీ చిన్నబ్బాయి కోపం నాకు అర్థమవుతుంది. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో 20 మంది మన సైనికులు పోయారు, వాళ్ళలో మన సూర్యాపేట కర్నల్ సంతోష్ బాబు ఒకరు. ఆ మంట అందరికీ ఉంది. కానీ ఈ పండగని ఇప్పుడున్న ప్రభుత్వం పెట్టలేదు. వెయ్యేళ్ళ కిందట, సోంగ్ వంశపు రాజుల కాలానికే అది అక్కడ పెద్ద పండగ. అదే పున్నమికి వియత్నాంలో పిల్లలు లాంతర్లు పట్టుకుని వీధుల్లో తిరుగుతారు, కొరియాలో చూసొక్ అని పెద్దలకి పెట్టుకుంటారు, తైవాన్, సింగపూర్, మలేసియా, అందరూ చేసుకుంటారు. మన కోల్‌కతాలో తరతరాలుగా ఉంటున్న చైనీయులున్నారు. 1962 యుద్ధమప్పుడు అలాంటివాళ్ళని, ఎక్కువగా అస్సాం, బెంగాల్ వైపు వాళ్ళని, సుమారు 3,000 మందిని తీసుకెళ్ళి రాజస్థాన్‌లోని దేవళీ క్యాంపులో పెట్టారు, కొందరు ఏళ్ళ తరబడి అక్కడే ఉన్నారు. వాళ్ళలో చాలామంది ఇక్కడే పుట్టినవాళ్ళు. మొహం చూసి దేశం అంటగట్టడం మొదలుపెడితే అక్కడిదాకా పోతుంది. చిన్నాయన ఈ మాటలు పాప చెవిన పడేలా అంటున్నాడా లేదా, అది మాత్రం ఇవాళే కనుక్కోండి. అంటుంటే ఆ పని ముందు మానిపించాలి, పండగ సంగతి తర్వాత.

అయినా స్వర్ణాల చెరువులో నిలబడి రొట్టె పట్టుకున్న మనిషికి ఇది ఎవరి పండగ అనే సందేహం రావడమే నాకు వింత. అప్పుడు అడిగారా? మీ చేతిలో రొట్టె పెట్టిందెవరో, ఏ ఊరో, ఏ మతమో మీకు తెలిసి ఉండదు. వాళ్ళ కోరిక తీరింది, వాళ్ళు ఇచ్చారు, మీరు కొంగు పట్టారు. మూడేళ్ళకి మీరు వదిలిన రొట్టె ఇంకెవరో పట్టుకుని ఉంటారు. ఇంతకీ ఈ కథ పాపకి చెప్పారా? ఉత్తరంలో ఆ మాట లేదు. చెప్పకపోతే ఆ పున్నమి రాత్రి చెప్పండి, చెరువులో నీళ్ళు ఎంత లోతున్నాయో, చీర ఎలా తడిసిందో, పక్కన ఎవరు తోశారో అన్నీ చెప్పండి. తను ఇంకా పుట్టకముందే తన కోసం ఒక మనిషి నీళ్ళలో నిలబడిందని ఆ పిల్లకి తెలియాలి. ఆడబిడ్డ గారికీ చిన్నబ్బాయికీ కూడా వినబడేట్టు చెప్పండి.

పంచాంగంలో నా పండగ ఎప్పుడు అని అడిగింది చూశారా, ఆ ప్రశ్న నాకు భలే నచ్చింది, ఎందుకంటే జవాబు నిజంగానే అందులో ఉంది. చైనావాళ్ళ పాత క్యాలెండరు కూడా మనలాగే అమావాస్య దగ్గర్నుంచి నెల లెక్క పెడుతుంది, మనలాగే మధ్యమధ్యలో అధిక మాసం వేసి సర్దుకుంటుంది. వాళ్ళ ఎనిమిదో నెల పదిహేనో రోజు ఈ పండగ, కాబట్టి ఎప్పుడూ పున్నమి దగ్గరే. మనకది భాద్రపద పౌర్ణమి, ఒక్కోసారి ఆశ్వయుజ పౌర్ణమి. పోయినేడు వాళ్ళకి అధిక మాసం పడి మన ఆశ్వయుజ పౌర్ణమి దాకా జరిగింది. ఈ ఏడు మనకి అధిక జ్యేష్ఠం వచ్చింది కదా, దాంతో మళ్ళీ భాద్రపదానికి వచ్చేసింది. వాళ్ళ లెక్కకి 25 శుక్రవారం, మనకి పౌర్ణమి 26 శనివారం. శుక్రవారం గుడ్డు ఇబ్బంది, పోనీ శనివారం అందామంటే మీ ఇంట్లో వెంకటేశ్వరస్వామి ఉంటాడు, ఆదివారం చేస్తే మహాలయ పక్షం వచ్చేస్తుంది. కాబట్టి శుక్రవారమే కానిచ్చేయండి, గుడ్డు లేకుండా. మబ్బు పట్టి ఆ రాత్రి చంద్రుడు కనబడకపోతే టెన్షన్ పడొద్దు, పదిహేనోనాటి చంద్రుడు పదహారోనాడు ఇంకా గుండ్రంగా ఉంటాడని చైనాలోనే ఒక నానుడి.

చవితికి చూడొద్దనేదీ పున్నమికి చూడమనేదీ మీరే అయితే ఏమవుతుంది? శాపం ఆ ఒక్క చవితికే. అక్షింతలు పట్టుకుని శమంతకమణి కథ పాప కూడా వింటుందిగా, వినాయకుణ్ణి చూసి నవ్వి తిట్లు తిన్న చంద్రుడు పదకొండు రోజులకి నిండుగా ఎదిగి వచ్చాడని చెప్పండి, సరిపోతుంది. చంద్రుణ్ణి చూసే పండగలు మనకి మాత్రం లేవా, అట్లతద్దినాడు చంద్రుడొచ్చాకే కదా అట్టు ముట్టేది. పోయినేడు పాప ఒక్కతే నిలబడిన రాత్రికి మూడో రోజే అట్లతద్ది. ఆ రెండింటికీ మధ్య ఇంట్లో ఒక్కరు లెక్క చూసుకున్నా పిల్లకి ఉయ్యాల దొరికేది.

ఆ రాత్రి కథ పాప చేతే చెప్పించుకోండి. అక్కడి చంద్రుడిలో ఛాంగ్ అ అనే ఆవిడ ఉంటుంది. ఒకప్పుడు ఆకాశంలో పది సూర్యుళ్ళు మండుతుంటే ఆవిడ భర్త హౌ యీ బాణాలతో తొమ్మిదింటిని కొట్టేశాడు, అందుకు బహుమానంగా అమృతం దొరికింది, అది ఈవిడ తాగేసి తేలికైపోయి చంద్రుడి మీదకి ఎగిరిపోయింది. ఎందుకు తాగిందనేది ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్తారు, దొంగ ఎత్తుకుపోతాడని తాగిందనేవాళ్ళున్నారు, ఆశపడి తాగిందనేవాళ్ళున్నారు. పైన ఆవిడకి తోడు ఒక కుందేలు, రోట్లో మందు దంచుతూ ఉంటుంది. కుందేలు మనకీ ఉందిగా, లేకపోతే శశాంకుడనే పేరు ఎక్కణ్ణుంచి వచ్చింది? రాకెట్ పోతుంటే మేడలెక్కి చూసే ఊళ్ళవాళ్ళం, ఇది కూడా చెప్పండి: 2023 జులై 14న మన శ్రీహరికోట నుంచి పోయింది చంద్రయాన్, చైనావాళ్ళు చంద్రుడి మీదకి పంపేవాటి పేరు ఛాంగ్ అ, 2013లో అక్కడ దిగిన మొదటి బండి పేరు యూటూ, అంటే జేడ్ కుందేలు.

ఈ కుందేలు దగ్గర ఒక ముల్లుంది, ముందే తీసేసుకుందాం. మనం గ్రహణం మొర్రి అనేదాన్ని చైనాలో కుందేలు పెదవి అంటారు. కడుపుతో ఉండగా కుందేలు మాంసం తింటే బిడ్డకి అలా అవుతుందని అక్కడి పాత నమ్మకం, గ్రహణం నాడు కత్తిపీట ముట్టుకుంటే అవుతుందని ఇక్కడ. చూడండి, అంత దూరంలో ఉన్న రెండు దేశాలూ తప్పు తీసుకెళ్ళి తల్లి నెత్తినే పెట్టాయి. నిజానికి కడుపులో బిడ్డ పెదవి అతుక్కునేది నాలుగో వారం నుంచి ఏడో వారం లోపు, అంగిలి ఆరు నుంచి తొమ్మిది వారాల మధ్య. నెల తప్పిందని చాలామందికి రూఢి అయ్యేసరికే ఆ పని సగం అయిపోయి ఉంటుంది. కొంత వంశంలోంచి వస్తుంది, తల్లికి షుగరు, పొగ అలవాటు, కొన్ని రకాల మందులు కూడా కారణమవుతాయి, చాలాసార్లు ఇదీ అని ఏదీ తేలదు. ఆకాశంలో నీడకి దీంతో ఏ సంబంధమూ లేదు. పాప అర్థం అడిగినప్పుడు మాట మార్చారు కదా, ఇప్పుడు చెప్పండి. పక్కింటావిడకి కూడా చెప్పండి, పాప ముందే చెప్పండి. పాప ముందే అందిగా ఆవిడ.

వంట సంగతి. అసలు మూన్ కేక్ మన అరచేతిలో పట్టేంత ఉంటుంది గానీ మహా బరువు. లోపల తామర గింజల ముద్దో, ఎర్ర గింజల ముద్దో కూరి, మధ్యలో ఉప్పులో ఊరిన బాతు గుడ్డు పచ్చసొన పెడతారు, అదే చంద్రుడన్నమాట. ఒక్కరు ఒకటి తినరు, సన్నగా ముక్కలు కోసి టీతో తింటారు. బజారుది తెప్పిస్తే పెట్టె మీద చదివి తెప్పించండి, కొన్ని రకాల్లో పంది కొవ్వు వాడతారు. నా మాట వింటే ఇంట్లోనే చేయండి. వాళ్ళ ఎర్ర గింజ మన అలసందకి దగ్గర చుట్టమే. అలసందలు నానబెట్టి, మెత్తగా ఉడికించి, నీళ్ళు వార్చి రుబ్బి, బెల్లమూ కాస్త వేరుశనగ నూనె వేసి ముద్ద కట్టేదాకా తిప్పితే పూర్ణం వచ్చేస్తుంది, బొబ్బట్లు చేసే చేతికి ఇది నేర్పాలా. మధ్యలో గుడ్డు బదులు పెసరపప్పు ఉండ పసుపుపచ్చగా పెట్టండి. పై పొరకి గోధుమపిండి, చిక్కటి పాకం, నూనె. ఓవెన్ లేకపోతే హాంగ్‌కాంగ్ వాళ్ళ పద్ధతి ఒకటుంది, బంక బియ్యప్పిండిని పంచదార, పాలతో కలిపి ఆవిరి మీద ఉడికించి ఆ ముద్దని పై పొరగా చుట్టి ఫ్రిజ్‌లో పెడతారు. మన చలిమిడికి చెల్లెలనుకోండి. అచ్చులు మామూలుగా చెక్కవి. ఉదయగిరిలో గరిటెలూ పళ్ళేలూ చెక్కే పనివాళ్ళున్నారు, ఎవరైనా అటు వెళ్తుంటే పాప చేత బొమ్మ గీయించి పంపండి, కుందేలు బొమ్మే గీస్తుందని పందెం. పంపర పనస పండు దొరికితే వదలకండి, దక్షిణ చైనాలో ఈ పండక్కి అది తప్పనిసరి, పిల్లలు తొక్క టోపీలా పెట్టుకుంటారు. చేమదుంపలు కూడా ఉడికించుకుంటారు, అవి మీ ఇంట్లో ఎప్పుడూ ఉండేవే.

వీధి మొత్తాన్ని పిలవకండి. చైనా గౌను తొడిగి ఫోటోలు తీయడం, వచ్చినవాళ్ళు "చైనీసులో ఏదీ ఒక ముక్క మాట్లాడు" అనడం, ఇవి వద్దు. రెండేళ్ళకే వచ్చేసిన పిల్లకి నాకెంత చైనీసు వచ్చో అంతే వచ్చు.

ఇక కన్నతల్లి. గుర్తొస్తుందమ్మా. పండగ చేసినా వస్తుంది, చేయకపోయినా వస్తుంది, చేయకపోతే మీకు చెప్పకుండా వస్తుంది. చైనాలో 1980 ప్రాంతం నుంచి 2015 దాకా ఇంటికి ఒక్క బిడ్డ అనే కట్టడి ఉండేది. బిడ్డని వదిలేయడం అక్కడ నేరం, అందుకే వదిలేవాళ్ళు పేరూ ఊరూ లేకుండా, ఎవరో ఒకరు తొందరగా చూసే చోట, సంతలోనో ఆస్పత్రి గేటు దగ్గరో అనాథాశ్రమం గుమ్మంలోనో పెట్టి వెళ్ళిపోయేవారు. అలా దొరికిన చాలామంది పిల్లలకి పుట్టినరోజు కూడా డాక్టరు అంచనా వేసి రాసిందే. 1992 నుంచి 2024 దాకా 1,60,000 మందికి పైగా పిల్లలు విదేశాలకి దత్తత వెళ్ళారు, దాదాపు సగం మంది అమెరికాకే. మొదట్లో ఎక్కువగా ఆడపిల్లలు, తర్వాత్తర్వాత ఆపరేషన్లు, వైద్యం కావలసిన పిల్లలు. ఇదంతా మీరు తెలుసుకుని ఉండటం కోసం చెప్తున్నాను, దీంట్లోంచి మీ మనవరాలి కథ అల్లడానికి కాదు. "మీ అమ్మ ఎంతో ప్రేమతో నిన్ను మాకిచ్చింది" అనకండి, మనకి తెలియదు. పారేసిందని ఎవరైనా అంటే నోరు మూయించండి, అదీ తెలియదు. అడిగితే "తెలియదమ్మా, తెలిస్తే నీకే ముందు చెప్పేదాన్ని" అనండి. పిల్లలు తెలియదన్న మాటని మనం అనుకున్నదానికంటే బాగా తట్టుకుంటారు, తడబాటునే తట్టుకోలేరు.

ఒకటి మాత్రం ధైర్యంగా చెప్పొచ్చు. చైనా గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. నెల్లూరులో చంద్రుడు పైకి వస్తున్నప్పుడు అక్కడ రాత్రి ఎనిమిదిన్నర అలా ఉంటుంది, వాళ్ళకి అప్పటికే బాగా పైకెక్కి ఉంటాడు. "అక్కడా చూస్తుంటారా అవ్వా" అని అడిగితే, మబ్బు లేని ఊళ్ళన్నీ ఇప్పుడు ఇదే పనిలో ఉంటాయమ్మా అనండి.

కోడలు తట్టుకోగలదా అన్నారు. అమెరికాలో ఏటా ఈ పండగ ముందుండి చేయించింది ఆవిడే అని మీరే రాశారు. ఆ పిల్ల పక్కన నిలబడి తొమ్మిది పున్నములు చూసిన మనిషి ఆవిడ. ఏడిస్తే ఏడుస్తుంది, పండగ పూట ఇంట్లో ఒకరు కళ్ళు తుడుచుకోవడం మనకి కొత్తా? కోపం తెచ్చుకోనంటే ఒక మాట, ఆ భయం కోడలిది కాదేమో, మీదేమో చూసుకోండి. రొట్టెతో వచ్చిన పిల్ల ఎక్కడ చేజారిపోతుందోనని.

మేడ మీద మాత్రం వద్దు. మీ ఆయన మెట్లెక్కలేరు కదా, కుటుంబమంతా ఒకచోట చేరే పండక్కి తాతని కింద వదిలేసి వెళ్తే ఏం బావుంటుంది. వాకిట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టండి. ఇళ్ళ చాటు దాటి వాకిట్లోకి చంద్రుడు రావడానికి ఇంకో గంట పడుతుంది, ఆగండి, ఈలోపు లాంతర్లు కట్టుకోవచ్చు. అవి ఎలా చుట్టాలో పాపని అడిగి నేర్చుకోండి. అడిగేటప్పుడు పోయినేడు నువ్వు చుట్టింది నేను చూశాను అని చెప్పేయండి, బట్టల కోసం పైకొచ్చి నిన్ను చూసి దిగిపోయానని కూడా.

ఒంగోలు నుంచి ఒక పాఠకురాలు:

మాకు పెళ్ళై పదహారేళ్ళు, పిల్లల్లేరు. ఆయనకి 46, నాకు 43. మా బంధువుల్లో ఒకరు అమెరికాలో ఉండి చైనా పాపని తెచ్చుకున్నారు. మేమూ అలా తెచ్చుకోవచ్చా? ఇక్కడ చాలా ఆలస్యం అవుతుందంటున్నారు. మాకు తెలిసిన ఒకాయన నర్సింగ్‌హోంలో మాట్లాడి పెడతానంటున్నాడు.

జవాబు:

చైనా తలుపు మూసేసింది. 2024 సెప్టెంబరు 5న వాళ్ళ విదేశాంగ శాఖ ఆ మాట చెప్పింది, దగ్గరి రక్తసంబంధీకులూ, మారుటి పిల్లల విషయంలో తప్ప ఇక విదేశీయులకి దత్తత లేదు. మన దేశంలో మీకు సరైన దారి కారా, అంటే కేంద్ర దత్తత వనరుల సంస్థ, వాళ్ళ పోర్టల్లో దంపతులిద్దరి పేరా నమోదు చేసుకోవాలి. ఒంగోలులోనే స్త్రీ శిశు సంక్షేమ శాఖ ఆఫీసులో అడిగితే దగ్గరుండి చేయిస్తారు. తర్వాత ఇంటికొచ్చి మీ పరిస్థితులు చూసి రిపోర్టు రాస్తారు, బిడ్డ మీ దగ్గరకొచ్చాక ఉత్తర్వు ఇచ్చేది ఇప్పుడు కలెక్టరు, కోర్టు కాదు. మీ ఇద్దరి వయసులూ కలిపితే 89. రెండేళ్ళలోపు బిడ్డకి 85 దాటకూడదు కాబట్టి అది కుదరదు, రెండు నుంచి నాలుగేళ్ళ బిడ్డకైతే 90 దాకా ఉంది. నమోదు చేసుకున్న రోజు వయసే లెక్క. మీ ఇద్దరి పుట్టినరోజులూ వచ్చేశాయంటే 91 అవుతుంది, అప్పుడిక నాలుగేళ్ళు దాటిన పిల్లలే. అంచేత ఈ వారమే వెళ్ళండి. ఆలస్యం మాట నిజమే, ఏళ్ళు పడుతోంది. అయినా సరే ఆ నర్సింగ్‌హోం ఆయన ఫోన్ నంబరు తీసేయండి. బిడ్డని డబ్బిచ్చి తెచ్చుకోవడం నేరం, కేసైతే పోలీసులు ముందు తీసుకెళ్ళేది బిడ్డనే.

సింగరాయకొండ నుంచి ఒక తండ్రి:

మా అబ్బాయి సింగపూర్‌లో ఉద్యోగం. ఆఫీసులో చైనీయుల అమ్మాయి సెప్టెంబరులో ఏదో చంద్రుడి పండగకి ఇంటికి భోజనానికి పిలిచిందంట. ఏం తీసుకెళ్ళాలని నన్నడుగుతున్నాడు, నాకేం తెలుసు?

జవాబు:

ఆ పండగ గురించి పైన చాలా రాశాను, మీవాడికి ఫోటో తీసి పంపండి. పళ్ళు, మంచి టీ పొడి, మన స్వీట్లు, ఏవైనా బావుంటాయి. నెల్లూరు మలై కాజా పంపగలిగితే ఇంకేం కావాలి. గడియారం మాత్రం వద్దు, గడియారం ఇవ్వడమనే మాట వాళ్ళ భాషలో చావు దగ్గర సాగనంపడం అన్నట్టే వినబడుతుంది. బేరిపళ్ళు కూడా వద్దు, బేరిపండు పంచుకోవడమంటే విడిపోవడమనే అర్థమొస్తుంది. వస్తువులు నాలుగు లెక్కన కాకుండా చూసుకోమనండి, వాళ్ళకి నాలుగు అనే మాట చావు అనే మాటకి దగ్గరగా ఉంటుంది. ఇంతకీ ఆ అమ్మాయి ఆఫీసు మొత్తాన్ని పిలిచిందా, మీవాణ్ణి ఒక్కణ్ణే పిలిచిందా? ఒక్కణ్ణే అయితే నాకు ఇంకో ఉత్తరం రాయండి.